ట్రాక్ మీద బ్రేక్ ఆయిల్: సీసా మీద అంకె, సీసాలో చెమ్మ

రేసింగ్ బ్రేక్ ఆయిల్ అమ్మేవాళ్లు ఒక అంకెను గొప్పగా చెబుతారు. 312 డిగ్రీలనో, 325 డిగ్రీలనో ఉంటుంది. సీసా తిప్పి చిన్న అక్షరాల్లో వెతికితే రెండో అంకె దొరుకుతుంది: 205. మొదటిది డ్రై బాయిలింగ్ పాయింట్, అంటే అప్పుడే సీలు తీసిన, చెమ్మ తగలని ద్రవం మరిగే వేడి. రెండోది వెట్ బాయిలింగ్ పాయింట్. అదే ద్రవంలో సుమారు 3.7 శాతం నీరు చేరాక అది మరిగే వేడి. కొనేవాళ్లు చాలామంది మొదటి అంకె చూసి కొంటారు. కారు మాత్రం ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉన్న మూడో అంకె మీద నడుస్తుంది. అది ఏ సీసా మీదా రాసి ఉండదు. సీసా ఎప్పుడు తెరిచారు, ఎక్కడ దాచారు, కారులో పోసి ఎన్నాళ్లయింది అన్నవే దాన్ని తేలుస్తాయి.

ట్రాక్ డేకి, అంటే సొంత కారుతో రేసు ట్రాక్ మీద సరదాగా తిరిగే రోజుకి, వెళ్లే స్నేహితుల మధ్య ఏ బ్రాండు మంచిదన్న వాదన గంటలు నడుస్తుంది. దాన్ని ఎలా దాచాలన్న మాట మాత్రం దాదాపు రాదు. ఏడాదికి రెండు మూడు సార్లు సరదాగా ట్రాక్ ఎక్కేవాళ్లకు ఈ రెండో విషయమే ఎక్కువ పనికొస్తుంది. నిన్న సీలు తీసి పోసిన మధ్యరకం రేసింగ్ ఆయిల్, ఆరు నెలల కింద సగం వాడి షెల్ఫులో పెట్టిన ఖరీదైన ఆయిల్ కంటే నమ్మదగ్గది. కారణం తెలియాలంటే ముందు వేడి లెక్క చూడాలి.

అంతకుముందు పేరు సంగతి. మన షాపుల్లో, షెడ్లలో అందరూ బ్రేక్ ఆయిల్ అనే అంటారు. నిజానికి అది నూనె కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అనే రకాలన్నీ గ్లైకాల్ ఈథర్లు అనే రసాయనాలతో చేసినవి, పై రకాల్లో వాటి బోరేట్ ఎస్టర్లు కూడా కలుస్తాయి. నీళ్లలో కలిసిపోతాయి. అసలు నూనె, అంటే ఇంజిన్ ఆయిల్ లాంటిది, పొరపాటున బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే గిన్నెలో పడితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. అయినా కౌంటర్ దగ్గర 'బ్రేక్ ఫ్లూయిడ్' అనేవాళ్లు తక్కువ కాబట్టి ఇక్కడా బ్రేక్ ఆయిల్ అనే అనుకుందాం.

వేడి ఎంత పుడుతుంది

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ పోటీలు జరిగింది అక్కడే. మూడో మలుపుకీ నాలుగో మలుపుకీ మధ్య కిలోమీటరుకు పైగా సాగే స్ట్రెయిట్, అంటే మలుపు లేని తిన్నని దారి, ఉంది. మామూలు రోడ్డు కారు, 1300 కిలోల బరువున్నది, ఆ స్ట్రెయిట్ చివర్లో గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. నాలుగో మలుపు తిరగాలంటే దాన్ని 80కి దించాలి. గట్టిగా నొక్కితే అందుకు మూడున్నర సెకన్లు పడుతుంది.

ఆ మూడున్నర సెకన్లలో కారు వదులుకునే శక్తి సుమారు 1.3 మెగాజౌళ్లు. ముప్పై డిగ్రీల నీళ్లు నాలుగు లీటర్లకు పైగా మరిగే స్థాయికి తేవడానికి అంత వేడి సరిపోతుంది. వంటింట్లో గ్యాస్ స్టవ్ మీద ఆ పనికి పావుగంట పైనే పడుతుంది. ఇక్కడ మూడున్నర సెకన్లలో, నాలుగు డిస్కుల మీద అయిపోతుంది. కొంత శక్తి గాలికీ, కొంత ఇంజిన్ లాగడానికీ పోయినా, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ముందు చక్రాల బ్రేకులే మోస్తాయి.

ట్రాక్ ఎప్పుడూ చూడనివాళ్లకు తిరుమల ఘాట్ పోలిక సులువుగా అందుతుంది. కొండ దిగేటప్పుడు ముందు వెళ్తున్న వ్యాన్ నుంచి బ్రేకులు కాలుతున్న వాసన ఎంతోమందికి తెలుసు. అదే 1300 కిలోల కారు తిరుమల నుంచి తిరుపతికి దిగితే, దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడాకు వదులుకునే శక్తి తొమ్మిది మెగాజౌళ్ల దాకా ఉంటుంది. అది అరగంటకు పైగా మెల్లగా ఖర్చవుతుంది. తక్కువ గేరులో వస్తే ఇంజిన్ కూడా సాయం పడుతుంది. బుద్ధ్ సర్క్యూట్‌లో ఒక ల్యాపులో, అంటే ఒక చుట్టులో, గట్టిగా నొక్కాల్సిన చోట్లన్నీ కలిపితే సుమారు ఐదు మెగాజౌళ్లు. ఇది ముతక లెక్కే, కారునీ నడిపేవాణ్నీ బట్టి మారుతుంది. అయినా విషయం అర్థమవుతుంది: ఘాట్ మొత్తం వేడి ఇక్కడ రెండు ల్యాపుల్లో, అయిదారు నిమిషాల్లో పుడుతోంది. ట్రాక్ డేలో ఒక్కో విడత పావుగంటో ఇరవై నిమిషాలో ఉంటుంది.

స్ట్రెయిట్ పొడవుగా ఉన్న ట్రాకే బ్రేకులకు కష్టమైనదని అనుకోవడం కూడా సరికాదు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. వేగాలు తక్కువే, కానీ ఒక మలుపు అయ్యీ కాకముందే మరొకటి వస్తుంది. చల్లారే సమయం దొరకదు.

మరిగితే ఏమవుతుంది

చక్రంతో పాటు తిరిగే డిస్కు వేడి దాన్ని ఒరుసుకునే ప్యాడ్‌కి, ప్యాడ్ వెనకున్న ఇనుప రేకుకి, అక్కడి నుంచి ప్యాడ్‌ని నెట్టే కాలిపర్ పిస్టన్‌కి, చివరికి పిస్టన్ వెనక నిలిచి ఉన్న ఆయిల్‌కి చేరుతుంది. ప్యాడ్ అరిగి పలచబడిన కొద్దీ మధ్యలో అడ్డు తగ్గుతుంది, ఆయిల్‌కి చేరే వేడి పెరుగుతుంది. ట్రాక్ రోజుకి సగానికి పైగా అరిగిన ప్యాడ్లతో వెళ్లకపోవడం ఖర్చు లేని జాగ్రత్త. ఖరీదైన ఆయిల్ గురించి ఆలోచించే ముందు చూసుకోవాల్సింది ఇది.

ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి పోతుంది. కాలిపర్‌లో చిన్న బుడగ పుట్టినా కాలు నొక్కిన బలమంతా ఆ బుడగను అణచడానికే పోతుంది. ప్యాడ్ మీదికి చేరదు. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగిపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆయిల్ సాధారణంగా బ్రేకు నొక్కి ఉన్నప్పుడు మరగదు. గట్టిగా నొక్కినప్పుడు పైపుల్లో ఒత్తిడి వాతావరణ పీడనానికి పదుల రెట్లు ఉంటుంది. ఒత్తిడి పెరిగితే మరిగే వేడి కూడా పెరుగుతుంది, వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే. కాలు తీయగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. వేడి మాత్రం అలాగే ఉంటుంది. బుడగలు అప్పుడు పుడతాయి. అందుకే మొదటి మలుపు దగ్గర పెడల్ బ్రహ్మాండంగా ఉండి, ఆ తర్వాతి మలుపు దగ్గర కాలు నేలకు తగులుతుంది. ముందుగా హెచ్చరిక ఉండదు. ట్రాక్‌కి అలవాటుపడ్డవాళ్లు స్ట్రెయిట్ మధ్యలో ఎడమకాలితో పెడల్‌ని ఒకసారి తేలిగ్గా తట్టి చూడటం ఇందుకే. మెత్తగా తగిలితే గబగబా రెండు మూడు సార్లు పంపు కొట్టడానికి ఇంకా సమయం ఉంటుంది.

పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట, ఆగాక పరిస్థితి మరీ మోసపూరితం. కారు పరుగెత్తుతున్నంత సేపు డిస్కులకు గాలి తగులుతుంది. ఆగగానే ఆ గాలి పోతుంది, డిస్కులో నిల్వ ఉన్న వేడి కాలిపర్‌లోకి ఎక్కుతుంది. చివరి ల్యాపు నెమ్మదిగా, బ్రేకులు పెద్దగా వాడకుండా చల్లార్చుకుని రావాలనడం, పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో వదలమనడం ఇందుకే.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది వేరే రోగం. అక్కడ వేడికి లొంగిపోయింది ప్యాడ్, ఆయిల్ కాదు. ఈ రెండింటికీ తేడా తెలియక ప్యాడ్లు మార్చాల్సిన చోట ఆయిల్ మీద వేలు తగలేసేవాళ్లు, దానికి ఉల్టాగా చేసేవాళ్లు ఇద్దరూ కనిపిస్తారు. కాలికి తగిలే తేడాను గుర్తుపెట్టుకుంటే చాలు: మెత్తగా దిగిపోతే ఆయిల్, రాయిలా ఉండి ఆగకపోతే ప్యాడ్.

డాట్ అంకెలు మెట్లు కావు

డాట్ అంటే అమెరికా రవాణా శాఖ. ఆ శాఖ పెట్టిన ప్రమాణం కనీస అంకెలు మాత్రమే చెబుతుంది. డాట్ 3కి డ్రై 205, వెట్ 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. ఇవి దాటాల్సిన గీతలు. ఎంత దూరం దాటినా పేరు అదే ఉంటుంది. 230 డిగ్రీలకు కాస్త పైన మరిగే మామూలు ఆయిల్ కూడా డాట్ 4, 312 డిగ్రీల మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కూడా డాట్ 4 కిందికే వస్తుంది. అందుకే 'డాట్ 4 కంటే 5.1 మెరుగు కదా' అన్న మాట ట్రాక్ దగ్గర నిలవదు. 5.1 గొప్పతనం ఎక్కువగా దాని పలచదనంలో ఉంది. సున్నాకి 40 డిగ్రీల కింద కూడా అది గడ్డకట్టినట్టు చిక్కబడకుండా ఏబీఎస్, ఈఎస్‌పీ (చక్రాలు లాక్ కాకుండా, కారు జారకుండా చూసే) యూనిట్లలో చురుగ్గా కదలాలి. లద్దాఖ్ చలికాలానికి అది అవసరం. మే నెలలో చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూర్ ట్రాక్‌కి దాంతో పనిలేదు.

ఉత్త డాట్ 5 పూర్తిగా వేరే జాతి. సిలికోన్‌తో చేసినది, ఊదారంగులో ఉంటుంది. చెమ్మ పీల్చుకోదు కాబట్టి బాగుంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకూడదు. అది పీల్చుకోకపోయినా లోపలికి వచ్చిన నీరు ఎక్కడికీ పోదు, పల్లంలో చుక్కగా చేరి నిలుస్తుంది. కాలిపర్‌లో చేరిన ఆ చుక్క వంద డిగ్రీలకే మరిగేందుకు సిద్ధం. పైగా సిలికోన్ నొక్కితే కాస్త కుంచించుకుపోతుంది, గాలిని తనలో కరిగించుకుంటుంది, ఏబీఎస్‌లో నురగ కడుతుంది, గ్లైకాల్ ఆయిల్‌తో కలవదు. పేర్లో ఒక చుక్క, ఒక ఒకటి తేడాతో ఇలాంటి రెండు వేర్వేరు ద్రవాలను పక్కపక్కన పెట్టడం ఆ ప్రమాణం రాసినవాళ్లు చేసిన తెలివైన పనేమీ కాదు.

ఏది కొనాలి

తయారీదారులు చెప్పే అంకెలు పక్కపక్కన పెడితే విషయం తేలుతుంది. ఏటీఈ టైప్ 200: డ్రై 280, వెట్ 198. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600: 312, 205. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్: 320, 270.

మొదటి అంకె చూస్తే 312కీ 320కీ పెద్ద తేడా లేదు, ధరలో మాత్రం చాలా ఉంది. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో రెండో అంకె చెబుతుంది. చెమ్మ చేరాక ఆర్‌బీఎఫ్ 600 వందకు పైగా డిగ్రీలు కోల్పోతుంది. ఎస్‌ఆర్‌ఎఫ్ కోల్పోయేది యాభై. అందులో వాడే సిలికాన్ ఎస్టర్ల వల్ల ఇది సాధ్యమైంది. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5 సిలికోన్‌తో దీనికి సంబంధం లేదు, మామూలు గ్లైకాల్ ఆయిళ్లతో కలుస్తుంది. కాకపోతే కలిపితే ఆ ఖరీదుకు అర్థం ఉండదు.

కాబట్టి ప్రశ్న ఏది ఎక్కువ వేడికి మరుగుతుందన్నది కాదు, ఎన్ని రోజులకోసారి మార్చే ఓపిక ఉందన్నది. ప్రతి ట్రాక్ డేకి ముందు ఆయిల్ మార్చేవాళ్లకు వెట్ అంకెతో పెద్దగా పనిలేదు. వాళ్లు డ్రై అంకెకు దగ్గర్లోనే తిరుగుతుంటారు, మధ్యరకం ధరలో ఉన్నది హాయిగా సరిపోతుంది. ఒకే కారును రోజూ ఆఫీసుకీ, అప్పుడప్పుడూ ట్రాక్‌కీ వాడుతూ ఏడాదికోసారి తప్ప బ్లీడింగ్ (పాత ఆయిల్, గాలి బయటికి తీసే పని) చేయించనివాళ్లకు వెట్ అంకె ముఖ్యం, వాళ్లు ఖరీదైనది కొంటే డబ్బు దండగ కాదు. తమాషా ఏమిటంటే షాపుల్లో జరిగేది తరచూ దీనికి తలకిందులు. రేసులాడేవాళ్లు, నెలనెలా మార్చేవాళ్లు అత్యంత ఖరీదైనది కొంటారు. ఏడాదికోసారి మార్చేవాళ్లు డ్రై అంకె చూసి సంతోషపడి వస్తారు.

మొదటిసారి ట్రాక్ ఎక్కేవాళ్లకు, మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో వెళ్లేవాళ్లకు 280 నుంచి 310 మధ్య డ్రై అంకె ఉన్న ఏ పేరున్న ఆయిల్ అయినా చాలు. ముందు మారాల్సింది ఎప్పుడో సర్వీసులో పోసి మూడేళ్లు దాటిన ఆయిల్. దాన్ని తీసి కొత్తది పోస్తే వచ్చే లాభం ముందు, రెండు మంచి బ్రాండ్ల మధ్య తేడా చిన్నది.

ఒకప్పుడు ఏటీఈలో అదే ఆయిల్ నీలం రంగులోనూ వచ్చేది. ఒకసారి నీలం, మరుసటిసారి బంగారు రంగుది పోస్తే కాలిపర్ మీది నిపుల్ (ఆయిల్ బయటికి తీసే చిన్న మర) నుంచి వచ్చే ఆయిల్ రంగు మారగానే పాతది మొత్తం బయటికి వచ్చేసిందని తెలిసేది. గ్లైకాల్ ఆయిల్ రంగు లేకుండానో, తేనె రంగులోనో ఉండాలన్న అమెరికా నిబంధనకు ఆ నీలం పడలేదు, చివరికి కనుమరుగైంది. ఆ తెలివైన ఏర్పాటు పోయినందుకు మెకానిక్కులు ఇప్పటికీ బాధపడుతుంటారు.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది

వానాకాలంలో ఉప్పు డబ్బా నీరుగారినట్టే గ్లైకాల్ కూడా గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. అది ద్రవంలోని లోపం కాదు, కావాలని ఎంచుకున్న గుణం. నీరు చుక్కగా నిలిచిపోకుండా ద్రవమంతటా పంచుకుపోతే ఒకచోట మరిగే ప్రమాదం, తుప్పు పట్టే ప్రమాదం తగ్గుతాయి. అందుకు చెల్లించే మూల్యం మరిగే వేడి పడిపోవడం. అదీ సమానంగా పడదు. మొదట చేరే ఒక శాతం నీరు చేసే నష్టం తర్వాత చేరే ఒక్కో శాతం కంటే ఎక్కువ. కొత్త సీసా మూత కాసేపు తీసి ఉంచితే పోయేది సరిగ్గా ఆ పైన ఉన్న, డబ్బు పెట్టి కొన్న డిగ్రీలే.

కారులో చెమ్మ గిన్నె మూత దగ్గర నుంచి మాత్రమే వస్తుందనుకుంటారు. చక్రాల దగ్గర వంగే రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా మెల్లగా ఇంకుతుంది. పైగా బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా తిరగదు. పెడల్ నొక్కితే అంగుళాల లెక్కన ముందుకు జరిగి, వదిలితే వెనక్కి వస్తుంది. కాలిపర్‌లో ఉన్నది కాలిపర్‌లోనే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ వేడి తగిలేది, రబ్బరు గొట్టానికి దగ్గరగా ఉండేది ఆ కాస్త ఆయిలే. బానెట్ ఎత్తి గిన్నెలో చూస్తే తేనెలా మెరుస్తూ కనిపించే ఆయిల్, చక్రం దగ్గర ఎప్పుడో నల్లబడి ఉండొచ్చు.

అందుకే గిన్నెలో ముంచి చూసే పెన్ టెస్టర్ పచ్చ దీపం వెలిగించినా నిశ్చింత పడకూడదు. అది కొలిచేది విద్యుత్ ప్రవాహాన్ని, దాన్ని బట్టి చెమ్మను ఊహిస్తుంది. ఆయిల్‌లో కలిపే రసాయనాలను బట్టి ఆ ఊహ తప్పుతుంది. ఆయిల్‌ని నిజంగా మరిగించి చూసే టెస్టర్లు నమ్మదగ్గవి, అవి అన్ని షెడ్లలో ఉండవు. రంగు కూడా సాక్ష్యం కాదు. నల్లగా ఉంటే పాతదని చెప్పొచ్చు, తెల్లగా ఉంటే కొత్తదని చెప్పలేం. నీటికి రంగు లేదు కదా.

ఆవకాయ జాడీ పద్ధతి

బైకు హ్యాండిల్ మీద ముందు బ్రేకు ఆయిల్ గిన్నె ఉంటుంది. దాని మూత మీద అచ్చుగుద్దిన ఇంగ్లిష్ హెచ్చరికను చదివేవాళ్లు అరుదు. తీసే ముందు మూత తుడవమని, సీలు వేసిన డబ్బాలోని ఆయిల్ మాత్రమే పోయమని అందులో ఉంటుంది. లక్షలాది బళ్ల మీద ఉన్న ఆ రెండు మాటలే దాచే శాస్త్రానికి సారం. మిగతాది వివరమే.

తెలుగిళ్లలో ఈ శాస్త్రం కొత్తదేమీ కాదు. ఆవకాయ పెద్ద జాడీకి వాసెన కట్టి పైన పెడతారు. రోజువారీ వాడకానికి చిన్న సీసాలోకి తీస్తారు. తీసేటప్పుడు గరిట పొడిగా ఉండాలి, జాడీని మాటిమాటికీ తెరవకూడదు. బ్రేక్ ఆయిల్‌కీ అంతే. లీటరు డబ్బా ఒకటి కొనడం కంటే అర లీటరు సీసాలు రెండు కొనడం మేలు, ధర కాస్త ఎక్కువైనా సరే. మామూలు కారులో ఆయిల్ మొత్తం మార్చడానికి దాదాపు లీటరు పడుతుంది. ట్రాక్ డేల మధ్య ముందు కాలిపర్లలో ఉన్నది మాత్రం తోసేయడానికి పావు లీటరు చాలు. ఆ పని కోసం లీటరు డబ్బా తెరిస్తే ముప్పావు లీటరు చెమ్మపాలవుతుంది.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి. సీలు తీయని సీసా మీద కంపెనీ చెప్పే గడువు మామూలుగా కొన్నేళ్లు ఉంటుంది, కానీ రేసింగ్ ఆయిల్ నెమ్మదిగా అమ్ముడయ్యే సరుకు. షెల్ఫు మీద ఎన్నాళ్ల నుంచి ఉందో షాపువాడికే తెలియకపోవచ్చు. ప్లాస్టిక్ సీసా గోడల్లోంచి కూడా ఏళ్ల తరబడిలో కాస్త చెమ్మ దూరుతుంది. మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో అక్కడే చూసుకోవాలి.

ఇంట్లో పెట్టే చోటు చల్లగా, పొడిగా, ఎండ తగలకుండా, వేడి పెద్దగా మారకుండా ఉండాలి. కారు డిక్కీ అందుకు పనికిరాదు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ పగలంతా కాగుతుంది, రాత్రి చల్లారుతుంది. సగం ఖాళీగా ఉన్న సీసాలో గాలి వేడికి ఉబ్బి కొంత బయటికి పోతుంది, చల్లారినప్పుడు అంత బయటి గాలి లోపలికి వస్తుంది, చెమ్మతో సహా. మూత ఎంత బిగించినా రోజూ ఊపిరి పీల్చుకునే సీసా అది. ఫ్రిజ్‌లో పెట్టడమూ తెలివి కాదు. చల్లటి సీసా బయటికి తీసి మూత తెరిస్తే, చల్లని గ్లాసు బయట నీళ్లు పట్టినట్టే లోపల పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఇవన్నీ ఇంకాస్త గట్టిగా పాటించాల్సినవే. ముసురు పట్టిన రోజున బ్లీడింగ్ పని పెట్టుకోకపోవడం అక్కడి మంచి మెకానిక్కుల అలవాటు.

తెరిచిన సీసాలో మిగిలిన ఆయిల్‌ని ఏం చేయాలన్నది అందరినీ వేధించే ప్రశ్న. ఖరీదు చూస్తే పారబోయబుద్ధి కాదు. ఆ మిగిలినదాన్ని మళ్లీ ట్రాక్ కారు ముందు బ్రేకులకు వాడకూడదనే గీత గీసుకుంటే గొడవ వదులుతుంది. తెరిచిన తేదీ మార్కర్‌తో సీసా మీద రాసి, కొద్ది వారాల్లోపు హైడ్రాలిక్ క్లచ్‌కి వాడేయొచ్చు, అక్కడ ఇంత వేడి ఉండదు. తేదీ రాయని, ఎప్పుడు తెరిచారో గుర్తులేని సీసా ఎంత నిండుగా ఉన్నా వదిలేయాల్సిందే.

ఒక్క పని మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. మిగిలిన ఆయిల్‌ని కూల్‌డ్రింక్ సీసాలోనో, నీళ్ల సీసాలోనో పోసి పెట్టడం. మన షెడ్లలో ఇది రోజూ కనిపించే దృశ్యమే. లేత పసుపు రంగు ద్రవం, తెలిసిన సీసా. పిల్లలు తాగితే కిడ్నీలు దెబ్బతినే విషం అది. సొంత సీసా లేకపోతే ఆయిల్ కూడా లేనట్టే లెక్క.

స్పానర్ పట్టినప్పుడు

బ్లీడింగ్‌కి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో, ఒకరు చక్రం దగ్గర. కాలిపర్ వెనక చిన్న నిపుల్ ఉంటుంది. దుమ్ము తుడిచి, రింగు స్పానర్ ముందే తొడిగి, దాని మీద పారదర్శకమైన సన్నని గొట్టం ఎక్కించి, రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచుతారు. 'నొక్కు' అంటే లోపలివాడు మెల్లగా నొక్కుతాడు. స్పానర్ పావు చుట్టు తిప్పగానే గొట్టంలో ముందు టీ డికాక్షన్ లాంటి ఆయిల్, మధ్యలో పూసల్లా బుడగలు వస్తాయి. 'పట్టుకో' అని నిపుల్ బిగించాకే 'వదులు' అనాలి. ఈ మూడు మాటల వరస ఒక్కసారి తప్పినా గాలి వెనక్కి పీల్చుకుంటుంది. కొన్ని దఫాల తర్వాత గొట్టంలో రంగు తేలుతుంది, బుడగలు ఆగుతాయి. గిన్నెలో మట్టం మధ్యమధ్యలో చూసుకోకపోతే, అది ఖాళీ అయి గాలి లాగితే, కథ మొదటికొస్తుంది.

ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది. పాత సూత్రం మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ బలాన్ని ఆయిల్‌కి అందించే సిలిండర్‌కి, దూరంగా ఉన్నదాంతో మొదలు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి అది చాలావరకు వెనక ఎడమ చక్రం. అమెరికా వీడియోలు చూసి వెనక కుడితో మొదలుపెట్టేవాళ్లు ఈ చిన్న సంగతి మరిచిపోతారు. పెద్ద బ్రేకులున్న కార్లలో కాలిపర్‌కి లోపల ఒకటి, బయట ఒకటి నిపుళ్లు ఉంటాయి. రెండూ తీయాలి. ఏళ్ల తరబడి వాడిన కారైతే పెడల్ నేల దాకా నొక్కనివ్వకూడదు. మామూలు ప్రయాణంలో పిస్టన్ వెళ్లని చోట సిలిండర్ గోడ గరుకుబడి ఉంటుంది, సీలు అక్కడికి వెళ్తే కోసుకుపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టడం అందుకు సులువైన ఉపాయం.

ఒలికిన ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. తుడిచి వదలకుండా నీళ్లు పోసి కడగాలి. తీసిన పాత ఆయిల్‌ని కాలువలో పోయకుండా, మూత బిగించిన డబ్బాలో వాడేసిన ఇంజిన్ ఆయిల్‌కి వేరుగా పెట్టి, వ్యర్థాలు తీసుకునే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలి.

తిరుగు ప్రయాణం

హైదరాబాద్ నుంచి చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై (శ్రీపెరుంబుదూర్) ట్రాక్‌కి సొంత కారులో వెళ్లేవాళ్లు ఒకవైపే ఆరు వందల కిలోమీటర్లకు పైగా నడుపుతారు. ఆయిల్ మార్పు బయలుదేరే వారం ముందు ఇంటి దగ్గర జరిగితే మంచిది. నిపుల్ కారుతోందా, పెడల్ బాగుందా అన్నది ఊళ్లో తిరిగితే బయటపడుతుంది, హైవే మీద కాదు. బ్యాగులో సీలు తీయని అర లీటరు సీసా ఒకటి, స్పానరు, గొట్టం పెట్టుకోవాలి. రెండు రోజుల ప్రయాణానికి డిక్కీలో ఉన్నా సీలున్న సీసాకి ఏమీ కాదు.

ఆ సీసా అవసరం తరచూ ట్రాక్ మీద కంటే ట్రాక్ అయిపోయాక పడుతుంది. మధ్యాహ్నం ఒకసారి పెడల్ మెత్తబడి ఉంటుంది. సాయంత్రానికి కాలిపర్లు చల్లారి, ఆవిరి మళ్లీ ద్రవమై, పెడల్ ఎప్పటిలా గట్టిగా తగులుతుంది. 'సర్దుకుంది' అనుకుని బయలుదేరిపోతారు. ఆయిల్‌లోని నీరు ఎక్కడికీ పోలేదు.  నెల్లూరు దాటాక చీకట్లో లారీ హఠాత్తుగా లేన్ మారినప్పుడు వంద నుంచి గట్టిగా నొక్కాల్సి వస్తే ఆ పెడల్‌ని నమ్మలేం. మెత్తబడిన పెడల్ ఒక్కసారి తగిలినా సరే, ట్రాక్ గేటు దాటకముందే ముందు కాలిపర్లు రెండింటిలో ఉన్న ఆయిల్ బయటికి పోవాలి. పావుగంట పని, పావు లీటరు ఆయిల్.